వచ్చే ఏడాది అడవి విద్యలు: ఎక్కడ మొదలుపెట్టను?

మాది తిరుపతి. ఈ ఏడాది నా సాహసమంతా అలిపిరి 3550 మెట్లతోనే సరిపోయింది. వచ్చే ఏడాది టార్పాలిన్ కింద ఒక రాత్రి పడుకోవాలి, 20 చెట్లను ఆకు చూసి చెప్పాలి (ఇప్పటికి వేప, చింత, మామిడి. అంతే!). అసలు కోరిక మాత్రం తడి కట్టెలను ఒకే అగ్గిపుల్లతో అంటించడం. శేషాచలం అడవిలో నిప్పు పెట్టడం నేరం కాబట్టి చిత్తూరు దగ్గర మామయ్య మామిడితోటలోనే చేద్దామనుకుంటున్నా. మనకు పెద్ద వానలు అక్టోబరు తర్వాతే కదా, అప్పటిదాకా ఆగాలా? లేక కట్టెలు తొట్టిలో నానబెట్టి ముందే మొదలుపెట్టొచ్చా? వేసవిలో ఆ ఎండుటాకులు చూస్తేనే టెన్షన్. మంట చుట్టూ ఎంత మేర శుభ్రం చేయాలి? తలకోన వైపు చెట్లు చూపించి నేర్పేవాళ్లెవరైనా ఉన్నారా అన్నలూ, అక్కలూ?