అప్‌డేట్: చెయిర్‌లిఫ్ట్ ఎక్కాను, దిగాను (ఒక రకంగా)

కొండపైకి తీసుకెళ్లే, తీగకు వేలాడుతూ కదిలే ఈ కుర్చీలోంచి స్కీలతో (మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలు) దిగడం ఎలా అని పోయిన నెల అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. శనివారం అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో, కొత్తవాళ్లు నేర్చుకునే డాలర్ మౌంటెన్ మీద, మా అమ్మాయితో కలిసి ఎక్కాను.

ఎక్కడం తేలికే. చేతికర్రల పట్టీలు మణికట్టు నుంచి ముందే తీసి, రెండూ ఒకే చేత పట్టుకుని, భుజం మీదుగా వెనక్కి చూస్తూ నిలబడ్డాను. కుర్చీ వచ్చి మోకాళ్ల వెనక తట్టింది, కూలబడ్డాను. పైకి వెళ్తుంటే మాటల్లేవు. స్తంభం దాటిన ప్రతిసారీ తలపైన కప్పీల టకటక, గ్లవ్ మీద కరగని మంచు రేకు ఒకటి.

దిగడమే... స్కీల ముక్కులు పైకెత్తమని మీరు చెప్పింది గుర్తుంది. పక్కవాళ్లను పట్టుకోవద్దన్నది మాత్రం మరిచాను. ఇద్దరం బొక్కబోర్లా పడ్డాం. ఆపరేటర్ లిఫ్ట్ ఆపి, నవ్వు ఆపుకుంటూ లేపాడు. వెనక గాలిలో వేలాడినవాళ్లకు క్షమాపణలు.

అన్నట్టు, స్కీయింగ్ కోసం తొలి చెయిర్‌లిఫ్టులు 1936లో ఇక్కడే వచ్చాయి. యూనియన్ పసిఫిక్ రైల్వే ఇంజనీరు జేమ్స్ కరన్, ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేలను తలచుకుని, గెల బదులు మనిషిని కూర్చోబెట్టాడు. గెలకు నిలబడి దిగే బాధ లేదు మరి!

రెండోసారి సరిగ్గానే దిగాను. మూడోసారి మళ్లీ పడ్డాను. అమ్మాయి ఇప్పుడు వేరే కుర్చీలో వెళ్తోంది.