అప్‌డేట్: డౌన్‌పైప్ మార్చాక వచ్చిన టిక్ టిక్ శబ్దం, పి0171 కోడ్ – కారణం దొరికింది

టర్బో కారుకి కొత్త డౌన్‌పైప్ (టర్బో నుంచి ఎగ్జాస్ట్ పొగని బయటికి తీసుకెళ్లే పైపు) వేయించాక చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని శబ్దం, చెక్ ఇంజిన్ లైటు, పి0171 (మిశ్రమంలో ఇంధనం తక్కువ) కోడ్ వస్తున్నాయని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు వెతకడం) చేయించమన్న సలహాతోనే విషయం తేలింది.

టర్బోకి డౌన్‌పైప్ కలిసే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) దగ్గర పొగ బయటికొచ్చింది. విప్పి స్టీల్ స్కేలు ఆనించి చూస్తే కొత్త పైపు ఫ్లాంజే వంకరగా ఉంది, వెల్డింగ్ వేడికి వంగిందని మెకానిక్ అన్నాడు. గ్యాస్కెట్ (మధ్యలో పెట్టే సీల్) ఎంత బిగించినా ఆ సందు మూయలేదు. ఐడిల్‌లో ఎగ్జాస్ట్ పల్స్‌ల మధ్య బయటి గాలి ఆ సందులోంచి లోపలికి వెళ్తుంది. మొదటి ఆక్సిజన్ సెన్సర్ ఆ సందు తర్వాత, డౌన్‌పైప్‌లోనే ఉంది కాబట్టి, ఆక్సిజన్ ఎక్కువుందని చెబుతుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. ఇంజిన్ వేడెక్కాక లోహం వ్యాకోచించి శబ్దం తగ్గేది, అదే నన్ను బాగా తికమక పెట్టింది.

ఫ్లాంజ్‌ని మెషిన్‌లో చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేశారు. ముందు బోల్టులన్నీ వదులుగా పెట్టి, హ్యాంగర్లకి పైపు సరిగ్గా వేలాడాకే బిగించారు. లేకపోతే పైపు బరువు ఫ్లాంజ్‌ని ఒకవైపుకి లాగుతుందట. శబ్దం పోయింది, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనంలో చేసే సవరణ) సున్నా దగ్గరికి వచ్చింది, కోడ్ మళ్లీ రాలేదు.

వేస్ట్‌గేట్ (బూస్ట్‌ని, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడిని అదుపు చేసే వాల్వ్), ట్యూన్ (ఈసీయూ సెట్టింగులు) అనుమానాలకి ఇక్కడ పనిలేదు. లీకు టర్బో తర్వాత కాబట్టి బూస్ట్ మొదట్నుంచీ బాగానే ఉంది. ఆక్సిజన్ సెన్సర్ కూడా పాతదే, మార్చలేదు.