ఒక్క ఫోనుతో క్లాసంతా జవాబు చెప్పేలా చేయడం ఎలా?

ప్రశ్న: అమలాపురం దగ్గర పల్లె బడి, తొమ్మిదిలో 40 మంది. క్లాసులో డిజిటల్ ప్యానెల్ (పెద్ద తెర) మీద వీడియో పెడితే వెనక బెంచీలు జోగుతున్నాయి. పిల్లలకు ఫోన్లు లేవు. ఏం చేయొచ్చండీ?

జవాబు 1: ప్లికర్స్ అనే క్విజ్ యాప్ మీ ఫోన్లో వేసుకుని, దాని కార్డులు (నలుపు గళ్ల కోడ్ ఉన్న కాగితాలు) ప్రింట్ తీయండి. ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. కార్డు ఏ వైపు పైకి పెడితే అదే జవాబు. మీ ఫోను కెమెరా చదువుకుంటుంది. మెరిసే లామినేషన్ వద్దు, కిటికీ వెలుగుకి కోడ్ అందదు. వేళ్లు నలుపు మీద పడకూడదు.

జవాబు 2: కార్డు సరే, ప్రశ్న చప్పగా ఉంటే దండగ. "గోదావరి మంచినీటిలోంచి పడవ సముద్రంలోకెళ్తే మునక పెరుగుతుందా, తగ్గుతుందా?" అనడగండి. 30–70 శాతం మంది సరిగ్గా చెబితే జవాబు బయటపెట్టకుండా రెండు నిమిషాలు పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి, మళ్లీ కార్డులెత్తించండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ పద్ధతిదే. సరైన జవాబులు 30 శాతం కన్నా తక్కువైతే వాదన అనవసరం, పాఠమే మళ్లీ చెప్పాలి.

జవాబు 3: తర్వాత ఫెట్ (PhET) అనే ఉచిత సైన్స్ సైట్‌లోని సిమ్యులేషన్‌లో (తెర మీద చేసే ప్రయోగం) నీటి సాంద్రత మార్చి, మునకెలా మారుతుందో చూపించండి. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ అక్కర్లేదు.