పేదల కేసులు ఉచితంగా నడిపే న్యాయవాదులకు బహిరంగ సన్మానం అవసరమా?

నాగావళి తీరం (శ్రీకాకుళం):

మా పౌర సంఘం సమావేశంలో గత నెల ఒక ప్రతిపాదన వచ్చింది. పేదలకు ఉచిత న్యాయసహాయం అందించేందుకు చేసిన 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది కాబట్టి, ఏటా ఆ తేదీన, పేదల దగ్గర ఫీజు పుచ్చుకోకుండా కేసులు నడిపిన ఇద్దరు ముగ్గురు న్యాయవాదులను పిలిచి శాలువా కప్పాలని, వారి వల్ల మేలు పొందిన కక్షిదారుల చేతనే జ్ఞాపిక ఇప్పించాలని అందరూ అనుకున్నారు. నేను దానిని బలపరిచాను. ఉచిత వైద్య శిబిరం పెట్టిన డాక్టరు గారి ఫోటో పత్రికలో వస్తుంది, రక్తదానం చేసిన వారికి ధ్రువపత్రం చేతికిస్తాము. ఒక వితంతువు ఎకరం పొలం తగాదాను ఏళ్ల తరబడి సొంత ఖర్చుతో మోసిన ప్లీడరు గారు మాత్రం కోర్టు ప్రహరీ దాటితే ఎవరికీ తెలియరు. ఇది సరికాదని నా అభిప్రాయం. సభ్యులు తమ మాట చెప్పగలరు.

గంటస్తంభం (విజయనగరం):

మీ సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు గాని, ప్రతిపాదనను అంగీకరించలేను. భారత బార్ కౌన్సిల్ నియమావళిలోని 46వ నియమం, న్యాయవాది తన ఆర్థిక స్థితి అనుమతించిన మేరకు నిరుపేదలకు, పీడితులకు ఉచితంగా సహాయం చేయడం సమాజానికి అతడు బాకీపడిన అత్యున్నత బాధ్యతలలో ఒకటని చెబుతున్నది. బాకీ తీర్చినవాడికి రసీదు ఇస్తాము, దండ వేయము. మరో చిక్కు కూడా ఉంది. అదే నియమావళిలోని 36వ నియమం న్యాయవాది తనను తాను ప్రచారం చేసుకోవడాన్ని నిషేధించింది. మన ఊళ్లలో సన్మానమంటే ముందురోజు రాత్రికే కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ వెలుస్తుంది. దానిని కట్టించినది అభిమానులా, ఆయనేనా అని అడిగేవారు ఎవరు?

ఈ సేవను తూచడం ఎంత కష్టమో సుప్రీంకోర్టు అనుభవమే చెబుతుంది. సీనియర్ న్యాయవాది హోదా ఇవ్వడానికి 2017లో అది నూరు మార్కుల పద్ధతి పెట్టి, అందులో ఆ న్యాయవాది వాదించిన కేసుల తీర్పులనూ ఉచిత సేవనూ కలిపి 40 మార్కుల పద్దు కింద చేర్చింది. 2025లో ఆ మార్కుల పద్ధతినే పక్కన పెట్టింది. ఉచిత సేవ ఒక్కదాని వల్లనే అలా జరిగిందని నేను అనడం లేదు. అంతటి కోర్టుకే అంకెల్లో పట్టనిది మన కమిటీకి ఎలా పడుతుందని మాత్రమే అడుగుతున్నాను.

బొబ్బిలి జూనియర్:

ఇద్దరు పెద్దలూ 'ఉచితం' అనే ఒకే మాటలో రెండు వేర్వేరు పనులను కలిపేస్తున్నారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానల్‌లో, అంటే సంస్థ తరఫున కేసులు నడిపేవారి జాబితాలో, ఉన్న న్యాయవాది కక్షిదారు దగ్గర ఏమీ తీసుకోకూడదు, కానీ అతనికి ఫీజు సంస్థ ఇస్తుంది. ఆ మొత్తం చిన్నది, ఎప్పుడు చేతికి వస్తుందో చెప్పలేము, అయినా అది ఫీజే. 2022 నుంచి క్రిమినల్ కేసుల కోసం ప్రత్యేకంగా డిఫెన్స్ కౌన్సెళ్లను (నిందితుల తరఫు న్యాయవాదులను) కూడా నియమిస్తున్నారు, అది జీతంతో చేసే ఉద్యోగం. ఈ రెండింటిలోనూ లేకుండా, తన గుమ్మం ఎక్కినవాడిని కాదనలేక వకాల్తా వేసినవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. మీరు సంస్థను పేర్లు అడిగితే ఇచ్చేది ప్యానల్ వారి పేర్లే. అంటే నాగావళి తీరం గారు సన్మానించాలనుకుంటున్న మనిషి సరిగ్గా ఆ జాబితా బయటే మిగిలిపోతాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను సీనియర్ దగ్గర చేరి నాలుగేళ్లయింది. నెలకు ఆయన ఇచ్చేది బస్సు పాసుకూ టిఫినుకూ సరిపోతుంది. రిమాండులో ఉన్న ఇద్దరికి ఊరికే బెయిలు పిటిషన్లు వేశాను. బెయిలు వచ్చినా పూచీ ఇచ్చే మనిషి దొరకక వారిలో ఒకడు మరో పదహారు రోజులు లోపలే ఉన్నాడు. అప్పుడు నాకు కావలసింది శాలువా కాదని మీరు గ్రహించగలరు.

పాలకొండ గుమాస్తా:

ముప్పై ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా చేసి మానుకున్నవాడిని. చట్టం గురించి పెద్దలు చెప్పారు, నేను చూసినది చెబుతాను.

మా ప్లీడరు గారి దగ్గరకు సీతంపేట పైనున్న కొండ ఊరి నుంచి ఒక ఆమె మనోవర్తి కేసు కోసం వచ్చింది. ఆయన ఫీజు అడగలేదు. ఫీజు లేదంటే ఖర్చు లేదని చాలామంది అనుకుంటారు. వకాల్తా స్టాంపులు, టైపు, జెరాక్సు, నోటీసు బత్తా, నకళ్ల ఖర్చు అన్నీ ఆయన జేబులోంచే పోయేవి. న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి ఉంటే వీటిలో చాలావరకు సంస్థే భరించేది, ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 చట్టం 12వ సెక్షన్ కింద ఆ హక్కు ఉంది కూడా. ఆమె నేరుగా మా ఆఫీసు మెట్లెక్కింది కాబట్టి ఆయన మళ్లీ ఇంకో గుమ్మానికి పంపలేదు.

ఆయన చేసిన అసలు మేలు మరొకటి. ఆమె తెల్లవారకముందే బయలుదేరి, కొంత దూరం నడిచి, సీతంపేటలో బస్సెక్కి వచ్చేది. మధ్యాహ్నం దాటితే తిరుగు ప్రయాణం కష్టం. అందుకని ప్రతి వాయిదాకూ ఆయన ముందే కోర్టువారిని వేడుకుని, ఆమె ఫైలు భోజన విరామానికి ముందు పిలిచేలా చూసేవారు. రెండేళ్లలో ఒక్క వాయిదా తప్పలేదు. ఇది ఏ సన్మాన పత్రంలోనూ రాయరు, రాయాలని ఎవరికీ తోచదు.

కేసు గెలిచాక ఒక సంఘంవారు ఇటువంటి సభే పెట్టి, జ్ఞాపిక ఆమె చేత ఇప్పించాలన్నారు. కబురు చెప్పడానికి నన్నే పంపారు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ బాబుకి ఇంటికెళ్లి దణ్ణమెడతాను గానీ, నా మొగుడు నన్నొగ్గేసినాడని మైకులో సెప్తారేటి బాబూ?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమె రాలేదు. ప్లీడరు గారు వెళ్లారు, శాలువా కప్పించుకున్నారు, దారంతా నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే కారు వేసుకుని వచ్చిన ఒకాయన, "మీరు ఉచితంగా చేస్తారట కదా" అని ఫైలు బల్ల మీద పెట్టాడు. ఇది నవ్వు కోసం చెప్పినా, నిజంగా జరిగినదే.

నాగావళి తీరం (శ్రీకాకుళం):

గుమాస్తా గారి మాట చదివాక నేను బలపరిచిన ప్రతిపాదనలో ఒక భాగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. కక్షిదారుల చేత జ్ఞాపిక ఇప్పించాలన్నది నేనూ మెచ్చిన ఆలోచనే, అందులోని తప్పు నాకు ఇంతవరకు కనబడలేదు. గుర్తింపే వద్దన్న గంటస్తంభం గారి వాదనను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. బాధ్యత అని రాసి ఉన్నంత మాత్రాన అందరూ నెరవేర్చడం లేదు, నెరవేర్చేవారు ఎవరో కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలకు తెలియాలి. బొబ్బిలి జూనియర్ గారు చెప్పిన జాబితా బయటి మనుషులను గుమాస్తాలను అడిగి తెలుసుకోవచ్చు. సభకు అయ్యే ఖర్చులో సగం తీసి, అటువంటి కేసుల టైపు, నకళ్ల కోసం చిన్న నిధి పెడితే ఎలా ఉంటుంది?

గంటస్తంభం (విజయనగరం):

నిధికి నా అభ్యంతరం లేదు. ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి, కక్షిదారు పేరు బయటకు రాకూడదు, ఫ్లెక్సీ కట్టకూడదు. శాలువా విషయంలో నా అభిప్రాయం మారలేదు. కప్పే ముందు కనీసం ఆయనకు ఇష్టమో కాదో విడిగా అడగండి. పదిమందిలో అడిగితే ఎవరూ వద్దనలేరు.

పాలకొండ గుమాస్తా:

సభ పెట్టేటట్టయితే ఒక్క మనవి. నవంబరు 9 కోర్టు పనిదినమైతే సాయంత్రం ఐదు దాటాక పెట్టండి. ఉదయం పది గంటలకు పెడితే, ఆయన ఊరికే వకాల్తా వేసిన కేసు సరిగ్గా అప్పుడే పిలుస్తారు.