ఫారెస్టు అధికారి శ్రీనివాస్ గారు వీరప్పన్ దగ్గరికి ఆయుధం లేకుండా వెళ్లడం సరైనదేనా? ఫారెస్టు వాళ్లకు తుపాకులు ఇవ్వాలా?

గోదారిగట్టు:
పందిళ్లపల్లి శ్రీనివాస్ గారు మన రాజమండ్రిలో పుట్టిన మనిషి. 1979 బ్యాచ్ ఐఎఫ్ఎస్ (అటవీ సర్వీసు), కర్ణాటక కేడర్. 1986లో గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్‌ను పట్టుకున్న అధికారుల్లో ఈయన ఉన్నారు, కానీ వాడు కస్టడీలోంచి తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఈయన వీరప్పన్ సొంతూరు గోపీనాథంలోనే మకాం పెట్టి, జనానికి వైద్యం అందేలా చూసి, మారియమ్మ గుడి కట్టించి, ముఠాలో ఉన్నవాళ్లను లొంగిపోయేలా ఒప్పించారు. 1991 నవంబర్ 10న, వీరప్పన్ లొంగిపోతాడన్న కబురు నమ్మి ఆయుధం లేకుండా వెళ్తే చంపి తల నరికారు. అప్పటికి 37 ఏళ్లు. తర్వాత కీర్తిచక్ర ఇచ్చారు.

ఆయన ధైర్యానికి దండం పెడతాను. కానీ ఆయన పేరు చెప్పి ఇవాళ్టికీ బీట్ ఆఫీసర్లను చేతికర్రతో అడవిలోకి పంపడం అన్యాయం. 2013 డిసెంబర్‌లో శేషాచలంలో ఎర్రచందనం ముఠా దాడిలో ఇద్దరు అధికారులు పోయారు. 2022 నవంబర్‌లో తెలంగాణలోని చండ్రుగొండ మండలంలో రేంజర్ శ్రీనివాసరావు గారిని నరికేశారు. తుపాకులు ఇవ్వాల్సిందే.

మన్యంపిల్లోడు:
అన్నా, చండ్రుగొండను శేషాచలంతో కలపకండి. రేంజర్ గారిని చంపడం ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ అది పోడు భూమి (అడవి నరికి సాగు చేసుకునే నేల), అందులో ఫారెస్టు వాళ్లు మొక్కలు నాటే ప్లాంటేషన్ గొడవ. అవతల ఉన్నది స్మగ్లర్లు కాదు, తిండిగింజల కోసం నేల దున్నుకునేవాళ్లు. అక్కడ తుపాకీ పట్టుకుని నిలబడితే ప్రతి తగాదా కాల్పుల దాకా పోతుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళనాడు వాళ్లు చనిపోయారు, గుర్తుందా? ఎర్రచందనం దొంగతనం అంతటితో ఆగిందా?

పాతరేంజి:
నాకు శ్రీనివాస్ గారి పద్ధతి తప్పు అనిపించదు. గోపీనాథంలో ఆయన చేసిన పని ఫలించింది, ముఠా మనుషులు నిజంగానే బయటికి వచ్చారు. ఆయన పోయాక వీరప్పన్‌ను మట్టుబెట్టడానికి 2004 అక్టోబర్ దాకా, అంటే ఇంకో 13 ఏళ్లు పట్టింది, అదీ రెండు రాష్ట్రాల తుపాకులు వెంటపడితే. ఊరి నమ్మకం సంపాదించిన ఆ మనిషిని చివర్లో కాపాడుకోలేకపోయాం, నా బాధంతా అదే.

తుపాకీ విషయానికొస్తే, 2021 జనవరిలో సుప్రీంకోర్టే ఫారెస్టు సిబ్బందికి ఆయుధాలు, బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు కావాలంది. అస్సాం 2010లోనే కాల్పులు జరిపిన సిబ్బందికి చట్టపరమైన రక్షణ ఇచ్చింది. అయితే అడవిలో ఒంటరిగా తిరిగే బీట్ ఆఫీసర్ చేతికి రైఫిల్ ఇస్తే, ఆ రైఫిల్ కోసమే అతన్ని చంపేవాళ్లు ఉంటారు. ముందు తోడు ఇంకో ఇద్దరు మనుషులు, పనిచేసే వైర్‌లెస్, పిలిస్తే కదిలే పోలీసు స్టేషన్ కావాలి. ఎర్రచందనం అడవుల్లో శిక్షణ పొందిన సాయుధ దళం ఉండాలి, దానికి నేను ఒప్పుకుంటాను. పోడు ఊళ్లలో మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హద్దులు తేల్చకుండా మొక్కలు నాటడానికి రేంజర్‌ను పంపకూడదు, పంపితే ప్రభుత్వం చేయాల్సిన పని అతని నెత్తిన పెట్టినట్టే.

గోదారిగట్టు:
శేషాచలం వరకు మనం ఒకే మాట మీద ఉన్నాం. హద్దులు తేలడానికి ఏళ్లు పడుతుంది కదండీ, ఈలోగా రేపు పొద్దున ప్లాంటేషన్ దగ్గరికి వెళ్లే రేంజర్‌ ప్రాణానికి ఎవరు పూచీ? దీనికి మీరిద్దరూ ఇంకా జవాబు చెప్పలేదు.