కాలనీ సందులోంచి అడ్డదారి పట్టడం స్వార్థమా, కాదా?

మాదాపూర్ వాసి:
మా వీధి వెడల్పు 20 అడుగులు. పొద్దున తొమ్మిదయ్యేసరికి మెయిన్ రోడ్డు జామ్ అవుతుంది, ఫోన్లో మ్యాప్ మా సందులోంచి దారి చూపిస్తుంది. ఇక కార్ల వరసే. ఎదురెదురుగా రెండు వస్తే ఎవరూ వెనక్కి తీయరు. మా అమ్మ గేటు దాటి ఎదురుగా ఉన్న కూరగాయల బండి దగ్గరికి వెళ్ళాలంటే టెన్షన్. మొన్న ఒకాయన్ని ఆపి అడిగాను. "నేనొక్కడినే మానేస్తే మీ వీధి ఖాళీ అవుతుందా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. అప్పటినుంచీ ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. మీరేమంటారు?

లాగిన్ తొమ్మిదిన్నర:
ఆయన అన్నదాంట్లో తప్పేముందండీ? అది ప్రభుత్వ రోడ్డు. నాకు ఆఫీసులో వేలిముద్ర పడటం పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు సెలవు పోతుంది. ఇంట్లో పాపని స్కూలు దగ్గర దించి వెళ్ళాలి. ఆ నాలుగు నిమిషాలు నాకు చాలా విలువైనవి. దాన్ని స్వార్థం అంటే బాధగా ఉంది.

లెక్కల మాస్టారు:
ఎవరినీ తిట్టకుండా ఒక లెక్క చూద్దాం. 1968లో డీట్రిచ్ బ్రేస్ అనే జర్మన్ గణితవేత్త ఇలాంటి పరిస్థితి మీదే రాశాడు. పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఇలా చెబుతారు.

ఊరి నుంచి ఆఫీసుకి రెండు దారులు, 4000 కార్లు. ఒక్కో దారిలో ఒక వెడల్పు ముక్క, ఒక ఇరుకు ముక్క. వెడల్పు ముక్కలో ఎంతమంది వచ్చినా 45 నిమిషాలే. ఇరుకు ముక్కలో ప్రతి 100 కార్లకీ ఒక నిమిషం. మొదటి దారిలో ఇరుకు ముందు వస్తుంది, రెండో దారిలో చివర వస్తుంది. కార్లు సగం సగం అయితే అందరికీ 20, 45 కలిపి 65 నిమిషాలు.

ఇప్పుడు మొదటి దారి మధ్యనుంచి రెండో దారి మధ్యకి ఒక సందు తెరిచారు. దాన్ని దాటడానికి సమయమే పట్టదనుకుందాం. ప్రతివాడూ ముందు ఒక ఇరుకు ముక్కలో వెళ్ళి, సందు దాటి, రెండో ఇరుకు ముక్క పడతాడు. 4000 మందీ అదే చేస్తే 40, 40 కలిపి 80 నిమిషాలు. ఒక్కడు పాత దారికి మళ్ళితే వాడికి 85 పడుతుంది, కాబట్టి ఎవరూ మళ్ళరు. దారి పెరిగింది, అందరికీ పావుగంట పోయింది. ఇందులో చెడ్డవాడు ఒక్కడూ లేడు. ఎవరికి వారు సరిగ్గానే ఆలోచించారు.

లాగిన్ తొమ్మిదిన్నర:
కాగితం మీద బాగుంది మాస్టారూ. నిజంగా రోడ్డు తీసేస్తే బాగుపడిన ఊరు ఉందా?

లెక్కల మాస్టారు:
సియోల్‌లో చంగ్యెచన్ వాగు మీద రోజుకి లక్షకు పైగా వాహనాలు తిరిగే ఫ్లైఓవర్ ఉండేది. 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును తిరిగి తెరిచారు. ఊరు స్తంభించిపోతుందన్నారు, అలా జరగలేదు. అయితే అదే సమయంలో బస్సుల వ్యవస్థను కూడా మార్చారు. కాబట్టి ఘనతంతా బ్రేస్ లెక్కకే ఇవ్వను.

కోనసీమ కుర్రాడు:
నాకు లెక్క కన్నా మనిషి మనసు ముఖ్యం అనిపిస్తుంది. 2005లో డిర్క్ హెల్బింగ్, మరికొందరు శాస్త్రవేత్తలు దారులు ఎంచుకునే ఆట మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఇద్దరూ వేగం దారినే పడితే ఇద్దరికీ నష్టం. ఒకరు చుట్టుదారిలో వెళ్తే మొత్తం లాభం ఎక్కువ, కానీ ఆ చుట్టు తిరిగినవాడికి అన్యాయం. ఒకే జంట మళ్ళీ మళ్ళీ ఆడుతుంటే చాలా జంటలు వంతులు నేర్చుకున్నాయి. ఈసారి నువ్వు, వచ్చేసారి నేను. నలుగురితో ఆడించినప్పుడు అది కుదరడం కష్టమైంది.

ఇది చదివినప్పుడు మా కాలువ గుర్తొచ్చింది. నీళ్ళు తక్కువైతే గోదావరి డెల్టాలో వంతులవారీగా వదులుతారు. నా వంతు అయ్యాక పక్క చేనువాడికి నీళ్ళు వెళ్తాయి. వాడు నాకు తెలుసు, రేపు వాడితో పని ఉంటుంది. పైగా కాలువ దగ్గర వంతులు చూసే లస్కరు ఉంటాడు. రోడ్డు మీద ఎదుటివాడి ముఖం మళ్ళీ కనబడదు. ఈ రోజు నేను తగ్గితే రేపు నా కోసం తగ్గేవాడు ఎవడు? స్వార్థం అని మనం అంటున్నదాంట్లో సగం ఈ అపనమ్మకమే.

న్యూజెర్సీ తెలుగు:
మా దగ్గర లియోనియా అని చిన్న ఊరు. పక్కనే న్యూయార్క్‌కి వెళ్ళే జార్జ్ వాషింగ్టన్ వంతెన. మ్యాపులు ఆ ఊరి వీధుల్లోకి కార్లని పంపిస్తుంటే 2018 జనవరిలో 60 దాకా వీధుల్ని రద్దీ వేళల్లో బయటివాళ్ళకి మూసేశారు. దాటితే 200 డాలర్ల జరిమానా. ఆ ఏడాదే కోర్టు ఆ నిబంధన చెల్లదంది. ఊరివాళ్ళ బాధ నిజమే. కానీ ప్రతి ఊరూ గేటు వేసుకుంటే అది కూడా స్వార్థమే కదా?

లాగిన్ తొమ్మిదిన్నర:
కోనసీమ తమ్ముడు చెప్పింది నా మనసుకి తగిలింది. అందరూ తగ్గుతారని నమ్మకం ఉంటే నేనూ తగ్గుతాను. ఆ నమ్మకం ఎవరు ఇస్తారు? స్టాక్‌హోమ్‌లో 2006లో నగరం లోపలికి వచ్చే కార్లకి రుసుము పెట్టి చూస్తే రాకపోకలు ఐదో వంతు దాకా తగ్గాయని చదివాను. కానీ ఇక్కడ డబ్బున్నవాడు కట్టి దూసుకుపోతాడు, నేను బస్సు కోసం నిలబడాలి. ముందు ఆ బస్సు సమయానికి రానివ్వండి.

మాదాపూర్ వాసి:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం మా కాలనీ సంఘం మీటింగ్ ఉంది. గేటు పెట్టాలనేవాళ్ళే ఎక్కువ. నిన్నటిదాకా నేనూ అదే అన్నాను, ఇప్పుడు ఒప్పుకోలేను. మేము మూస్తే ఆ కార్లు పక్క కాలనీ మీద పడతాయి. పొద్దున 9 నుంచి 11 దాకా మా రెండు వీధుల్నీ చెరో వైపు వన్‌వే చేయమని, ఒక మనిషిని నిలబెట్టమని ట్రాఫిక్ పోలీసులకి అర్జీ రాస్తున్నాను. లస్కరు మాట విన్నాకే ఆ మనిషి సంగతి తోచింది. పక్క కాలనీవాళ్ళ సంతకాలు కూడా అడగబోతున్నాను. నేనూ వాళ్ళ సందులోంచే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. సోమవారం నుంచి మెయిన్ రోడ్డు మీదే వెళ్తున్నాను, ఆరు నిమిషాలు ఎక్కువ పడుతోంది.