"శుక్రవారంలోపు" అంటే వితినా, బైయా, అంటిలా?

ప్రశ్న: "ప్లీజ్ సెండ్ ఇట్ వితిన్ ఫ్రైడే" అని రాయొచ్చా? శుక్రవారంలోపు పంపమని చెప్పాలి.

జవాబు: రాయకూడదండీ. చిక్కంతా మన "లోపు"తోనే. "ఐదింటిలోపు" అంటాం, "గంటలోపు" అనీ అంటాం. ఫలానా సమయానికీ అదే మాట, ఇంతసేపు అనే నిడివికీ అదే. ఇంగ్లిష్‌లో ఆ వీలు లేదు. వితిన్ పక్కన నిడివి రావాలి: వితిన్ ఎన్ అవర్, వితిన్ టూ డేస్. ఫలానా సమయమో, ఫలానా రోజో, తేదీయో చెబితే బై. కాబట్టి "బై ఫ్రైడే".

బై అంటే ఆ రోజు కూడా లెక్కలోకి వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం పంపినా గడువు దాటినట్టు కాదు. బిఫోర్ ఫ్రైడే అంటే మాత్రం గురువారంతో సరి. టెండర్లు, ఫీజుల్లాంటి వాటికి "బై ఫైవ్ పీఎం ఆన్ ఫ్రైడే" అని గంట కూడా వేయడం మంచిది. లేకపోతే ఆఫీసు మూసేవరకా, అర్ధరాత్రి దాకానా అని పేచీ వస్తుంది.

బైకి తెలుగులో అచ్చంగా అతికేది "కల్లా". అంటిల్‌కి "దాకా". "ఐదింటికల్లా వస్తాను" అంటే ఐ విల్ కమ్ బై ఫైవ్. "ఐదింటిదాకా ఉంటాను" అంటే ఐ విల్ బి హియర్ అంటిల్ ఫైవ్. ఉండటం, ఆగటం, పనిచేయటం సాగే పనులు, వాటికి అంటిల్. చేరటం, ఇవ్వటం, ముగించటం ఒక్కసారిగా తెమిలేవి, వాటికి బై. "ఐ విల్ ఫినిష్ ఇట్ అంటిల్ మండే" కుదరనిది అందుకే. "ద షాప్ ఈజ్ ఓపెన్ అంటిల్ నైన్" అంటే తొమ్మిదింటికి మూసేస్తారు. "ద షాప్ విల్ బి ఓపెన్ బై నైన్" అంటే తొమ్మిదింటికల్లా తెరిచే ఉంటుంది.

ఇంకొకరు: దాకా, వరకు ఒకటే అనుకుని ఈ కొలత వాడితే అందరికీ పనిచేయదండీ. హైదరాబాద్ వైపు "ఐదు గంటల వరకు వస్తా" అంటే ఐదింటికల్లా అనే అర్థం. హిందీ "తక్" కూడా అంతే: "పాంచ్ బజే తక్ ఆ జావూంగా", "పాంచ్ బజే తక్ రహూంగా", రెండిటికీ ఒకటే మాట. అలా మాట్లాడేవాళ్లు "వరకు"ని పట్టుకుంటే అంటిల్ వైపే చెయ్యి పోతుంది. క్రియను చూసే తేల్చుకోవాలి.

ప్రశ్న: మరి "ఆయన రానంతవరకు వెళ్లకు"?

జవాబు: "డోంట్ గో అంటిల్ హి కమ్స్". "రానంత"లో ఉన్న వ్యతిరేకార్థాన్ని ఇంగ్లిష్‌లోకి తేకూడదు. "అంటిల్ హి డజంట్ కమ్" తప్పు. రాబోయే పనే అయినా "అంటిల్ హి విల్ కమ్" కూడా తప్పే. ముందు "ఆయన వచ్చేదాకా వెళ్లకు" అని మార్చుకోండి, ఇంగ్లిష్ వాక్యం దానంతటదే కుదురుతుంది.

"సరికి" ఉంటే బై ద టైమ్. "నేను వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది" అనాలంటే "బై ద టైమ్ ఐ గాట్ దేర్, ద బస్ హాడ్ లెఫ్ట్". ఇక్కడ హాడ్ మరిచిపోవద్దు. బస్సు ముందే కదిలిందని చెప్పేది అదే.